ఆరు చక్రాల బండి మీద నీళ్ళ తొట్టి

ముందే ఒప్పేసుకుంటాను. నా జన్మలో ఏ కాగితాన్నీ చివరిదాకా చదివిన పాపాన పోలేదు. ఒకసారి మందు సీసా మీద చీటీ సగం చదివి, ఒంటికి రాసుకోవాల్సింది కాస్తా తాగేశాను. ఇంకోసారి శుభలేఖ సగం చదివి, కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళి, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళిలో భోంచేసి వచ్చాను. పెరుగు గట్టిగా ఉందనుకోండి, అది వేరే సంగతి. కాబట్టి ఈ కథలో నక్కని చూసి నవ్వేటప్పుడు, ఆ నవ్వులో నాకూ కాస్త వాటా ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇక కథ.

మూడు అడవులు ఒకదాని పక్కన ఒకటి ఉండేవి. కింద రాళ్ళగుంట, నడుమ ఎలుగుల అడవి, పైన లేళ్ళకోన. మూడింటినీ కలుపుతూ ఒకటే బండిబాట. బాట ఒకటే గానీ రూళ్ళు ఒకటి కావు. రాళ్ళగుంటలో బండి ఎంత వెడల్పున్నా అడిగే నాథుడు లేడు. ఎలుగుల అడవిలో మాత్రం మూడు మూరలు దాటితే అది 'పెద్ద సరుకు', దానికి పర్మిట్ కావాలి. హద్దురాయికి ఇవతల పెద్దమనిషిలా నడిచిన బండి, అవతల చక్రం పెట్టగానే నేరస్థుడైపోయేది.

ఆ ఏడు ఎండాకాలం లేళ్ళకోన నుంచి తిరపమ్మ అనే ముసలి లేడి రాళ్ళగుంటకి పరుగున వచ్చింది. అక్కడ ఈరన్న అనే ఎద్దు ఉండేవాడు. మూపురం చూస్తే చిన్న గుట్ట, గొంతు వింటే దూరంగా ఉరిమినట్టు, ఓపిక చూస్తే అంతులేదు.

"అన్నా, మా కోనలో ఊట ఉందిగానీ నీళ్ళు నిలవడం లేదు" అంది తిరపమ్మ రొప్పుతూ. "బొట్టుబొట్టుగా రాతి మీంచి జారి ఇసకలో పడుతుంది. మేం నాలిక చాపేలోపు ఇసక తాగేస్తుంది. పిల్లలు తడి ఇసక నాకుతున్నాయన్నా!"

"మరి కిందికి, ఏటికి దిగి రాకూడదూ?"

"ఏటి ఒడ్డున పులి కాపురం పెట్టింది. దిగినవాళ్ళం దిగినట్టే. వంతెన కింది వాగంటావా, గట్టు నిట్టనిలువు, మా పిల్లలు దిగలేవు."

ఈరన్న కాసేపు నెమరేశాడు. ఆయన ఏ మాటైనా నెమరేయకుండా మాట్లాడడు.

"పాత క్వారీలో మనుషులు చెక్కి వదిలేసిన రాతి తొట్టి ఉంది. ఊట కింద పెడితే రాత్రంతా పడిన నీళ్ళు తెల్లారేసరికి నిలుస్తాయి. తెస్తాను."

"అంత పెద్దదాన్నా! ఎలుగుల అడవిలో నరసప్ప పోనిస్తాడా?"

"అడిగి చూస్తే పోయేదేముంది?" అన్నాడు ఈరన్న.

అడగడానికి తోడుగా కొండయ్యని తీసుకెళ్ళాడు. కొండయ్య కొంగ. కాళ్ళు పొడుగు, మెడ పొడుగు, గుండె మాత్రం ఆవగింజంత. చీమ తుమ్మినా ఎగిరిపడతాడు.

ఎలుగుల అడవికి అటు చివర వాగు, వాగు మీద దుంగల వంతెన, వంతెన ముందు చెక్‌పోస్టు. గేటు బదులు అక్కడ అచ్చమ్మ అనే ఏనుగు నిలబడి ఉంటుంది. ఆమె తొండం దించితే గేటు పడినట్టు, ఎత్తితే తెరిచినట్టు. గేటు పక్కన మద్దిచెట్టు కింద పర్మిట్ల ఆఫీసరు నరసప్ప. ఎలుగుబంటి. ఆ రోజు ఆయన ముక్కు వంకాయంత ఉబ్బి ఉంది. తేనెపట్టు తనిఖీకి వెళ్తే తేనెటీగలే ఆయన్ని తనిఖీ చేశాయి.

"ఒంట్లో సుఖంగా లేదు. తొందరగా చెప్పండి. బుక్కు పని చెయ్యడం లేదు, బల్లెపువ్వు వాసనా తెలీదు, బురద వాసనా తెలీదు" అన్నాడు నరసప్ప, దిబ్బడేసిన ముక్కుతో 'మ'లు కొన్ని 'బ'లుగా పలుకుతూ.

ఈ మాట ఇద్దరు విన్నారు. ఈరన్న విని "అయ్యో పాపం" అన్నాడు. ఆఫీసు చుట్టూ ఎప్పుడూ ఊరికే తిరుగుతుండే నక్క నాగలింగం విని, చెవి ఒకటి రిక్కించాడు.

"ఏం సరుకు?" అడిగాడు నరసప్ప.

"నీళ్ళ తొట్టి దొరా. ఒకటే రాయి. నాలుగున్నర మూరలు వెడల్పు."

"విడదీసి రెండుసార్లుగా తీసుకుపోవచ్చుగా? ముక్కలుగా పోగలిగే సరుక్కి నేను పర్మిట్ ఇవ్వను."

"విడదీస్తే రెండు రాళ్ళు మిగుల్తాయి గానీ తొట్టి మిగలదు దొరా."

ఆ జవాబు నరసప్పకి నచ్చింది. పచ్చి టేకాకు ఒకటి కోసి, గోటితో గీశాడు. టేకాకు మీద గీసిన చోటల్లా ఎర్రగా పడింది. ఒక్కో గీత గీస్తూ ఒక్కో రూలు చదివాడు.

"బండికి ఆరు చక్రాలుండాలి, బరువు నేలంతా పరుచుకోవాలి. పొద్దున్నప్పుడే నడవాలి. ముందొక కాపలా, వెనకొక కాపలా. ముందు నడిచేవాడి తల ఎంత ఎత్తో సరుకు అంతే ఎత్తు, వాడి తలకి తగిలిన కొమ్మ సరుక్కీ తగుల్తుంది. ఎవరు నడుస్తారు?"

"నేనండీ" అన్నాడు కొండయ్య, మెడ మూడు వంకర్లు తిప్పి.

"మెడ నిటారుగా పెట్టు. వంకర మెడతో కొలత తీసుకుంటే కొమ్మలు విరుగుతాయి. మరి వెనకెవరు?"

ఈరన్న అటూ ఇటూ చూశాడు. వెనక కాపలా అంటే మూడు రోజులు దుమ్ము తినే పని. ఎవరొస్తారు?

"నేనున్నాను బావా!" అంటూ నాగలింగం దూకాడు. "తోకకి ఎర్రగుడ్డ కట్టుకుని వస్తాను. పిల్లలు దాహంతో ఉంటే చూస్తూ కూర్చోడానికి నాది గుండె కాదా ఏం?"

"నాగలింగం, నువ్వా? ఊరికేనా?" అన్నాడు కొండయ్య.

"ఊరికే కాక! కొంగ మామా, నీకు అనుమానం పుట్టుకతో వచ్చింది, నాకు జాలి పుట్టుకతో వచ్చింది. ఎవరి జబ్బు వాళ్ళది."

నరసప్ప టేకాకు మీద 'వెనక కాపలా: నక్క' అని గీసి, మళ్ళీ అందుకున్నాడు. "తొట్టి తప్ప బండి మీద ఇంకేదీ ఉండకూడదు. ఎండకి రాయి పగలకుండా ఆకులు కప్పుకోవచ్చు, అంతే. తొణికే సరుకుతో వంతెన ఎక్కకూడదు. వాగులోగానీ గట్టు మీదగానీ ఏదీ పారబొయ్యకూడదు. బండి మీద దొరికిన ప్రతిదానికీ బండి లాగేవాడే పూచీ…"

నాగలింగానికి రెండో చెవి కూడా లేచింది. 'ఇంకేం, ఇది చాలు!' అనుకుని, మెల్లిగా వెనక్కి జరిగి పొదల్లోకి జారుకున్నాడు.

నరసప్ప మాట ఇంకా పూర్తి కాలేదు. "…వేరే ఎవరైనా తన నోటితో 'అది నాది' అని ఒప్పుకుంటే తప్ప. తప్పు తేలితే తొట్టి ఇక్కడే దింపేస్తాం. గొడవ తేలకపోతే బండి ఆపి పంచాయితీ. మళ్ళీ పర్మిట్ వానలయ్యాకే. మూడో రోజు పొద్దు గుంకేలోపు వంతెన దాటాలి. అర్థమైందా?"

"దొరా, మొదట్నించి మళ్ళీ ఒకసారి చెప్తారా?" అన్నాడు ఈరన్న.

నరసప్ప కళ్ళు చెమర్చాయి. ఆ కుర్చీలో కూర్చున్నప్పట్నించీ ఆయన్ని ఆ మాట ఎవరూ అడగలేదు. రెండోసారి ఇంకా రాగం తీసి చదివాడు.

*

కోతులు మూడు పాత బండ్ల ఇరుసులు కలిపి ఆరు చక్రాల బండి కట్టాయి. క్వారీలో తొట్టిని ఎక్కించారు. అందరూ "హైలెస్సా" అన్నారు. ఈరన్న మెడ వంచి ఒక్క లాగు లాగాడు. బండి కిర్రుమంది, కదిలింది! రాళ్ళగుంటలో పిచ్చుకలన్నీ ఒక్కసారి లేచి గోల చేశాయి.

ఆ రెండు రోజులూ చూడాలి ఆ ప్రయాణం! ముందు కొండయ్య, మెడ కర్రలా పెట్టి, కళ్ళు రెండూ కొమ్మల మీద పెట్టి నడక. తలకి ఆకు తగిలితే చాలు, "ఆగు! ఆగాగు!" అని కేక. ఈరన్న బండి ఓ జానెడు పక్కకి తిప్పేవాడు. ఒక చోట తునికిచెట్టు కొమ్మ తొట్టి అంచుని రాసుకుంటూ పోయింది. కొండయ్య కళ్ళు మూసుకున్నాడు, ఈరన్న కళ్ళు మూసుకోలేదు కాబట్టి సరిపోయింది. ఇంకో చోట బాట మలుపు తిరుగుతూ లోయ మీదికి ఒంగింది. వెనక చక్రం సగం గాల్లో! ఈరన్న ఊపిరి బిగబట్టి, గిట్టలు నేలలో దించి, అంగుళం అంగుళం లాగి గట్టెక్కించాడు.

"భేష్ బావా, భేష్!" అని వెనకనించి నాగలింగం అరుస్తూనే ఉన్నాడు. తోకకి ఎర్రగుడ్డ, నోటికి పొగడ్త.

మూడో రోజు మధ్యాహ్నానికి చెక్‌పోస్టు ఇంకో కోసు దూరం ఉంది. ఎండ మండిపోతోంది.

"బావా, కాసేపు నడుం వాల్చు. ఇదిగో ఈ గట్టు పక్కన నీడ బాగుంది" అన్నాడు నాగలింగం.

గట్టు సరిగ్గా తొట్టి అంచంత ఎత్తుంది. ఈరన్న అది గమనించలేదు. కాడి కింద నిలబడే కునుకు తీశాడు. కొండయ్య ఒంటికాలి మీద నిద్రపోయాడు.

గట్టు మీద పొదలో నాగలింగం ముందే దాచిన పన్నెండు బెల్లం దిమ్మలున్నాయి. అడవి అంచున ఉన్న బెల్లం గానుగ దగ్గర ఒక్కోటీ దొర్లించుకుని తెచ్చినవి. లేళ్ళకోన కోతులు దిమ్మకి గంపెడు ఈతపళ్ళు ఇస్తామన్నాయి. కానీ ఎలుగుల అడవిలోంచి తీపి సరుకు బయటికి పోవాలంటే సగం ఆఫీసుకి కట్టి పోవాలి. సగమా! నాగలింగానికి పావు వదులుకోవాలన్నా ప్రాణం పోయినట్టుంటుంది. అందుకని ఆకులు తొలగించి, దిమ్మలు ఒక్కోటీ గట్టు మీంచి తొట్టిలోకి జార్చి, మళ్ళీ ఆకులు కప్పేశాడు.

ఈరన్న లేచి బండి లాగాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"నాగలింగం."

"ఏం బావా?"

"తొట్టిలో ఏం పెట్టావు?"

"నేనా? ఏం లేదే!"

"ఈ మెడ మీద ఈగ వాలినా నాకు తెలుస్తుంది. ఇది ఈగ కాదు."

కొండయ్య ఎగిరి తొట్టి అంచు మీద వాలి, ముక్కుతో ఆకులు కదిపి చూశాడు. "బె… బె… బెల్లం! ఈరన్నా, బెల్లం! దిమ్మలు! నా ముక్కుతో ఒక్కటి కూడా కదలదు!"

నాగలింగం ఇక నటించలేదు. గట్టు మీద తీరిగ్గా కూర్చుని, తోక దులుపుకున్నాడు.

"సరే, పెట్టాను. ఇప్పుడేం చేస్తావు? నువ్వు కాడి కింద ఉన్నావు, నీకు అందదు. మామ మోయలేడు. వెనక్కి తిప్పితే పొద్దు గుంకుతుంది."

"నరసప్ప దొరకి చెప్తాను!" అన్నాడు కొండయ్య వణుకుతూ.

"చెప్పు మామా, చెప్పు. నువ్వు 'నక్కది' అంటావు. నేను 'ఎద్దుది' అంటాను. ఇద్దరం ఆ బండి కాపలాలమే. ఎవరి మాట నమ్ముతాడు? బండి ఆపి పంచాయితీ పెడతాడు, ఆఫీసు చుట్టూ తిరిగేవాణ్ణి నాకు తెలీదా? పంచాయితీ అమావాస్యకి. అమావాస్య ఇంకా తొమ్మిది రోజులుంది. బండి మీద దొరికినదానికి బండి లాగేవాడే పూచీ, నా చెవుల్తో విన్నాను. నోరు మూసుకుని గేటు దాటించావా, నీ తొట్టి నీకు, నా బెల్లం నాకు. నోరు తెరిచావా, పిల్లలు ఇసక నాకుతూ ఉంటాయి."

కొండయ్యకి ఏడుపొచ్చింది. "ఈరన్నా, ఏదో ఒకటి అను!"

ఈరన్న కాడికి మెడ ఆనించాడు. నెమరేస్తూ నడవడం మొదలుపెట్టాడు. దుమ్ము, చక్రాల కిర్రు, నెమరు. అర కోసు నెమరేశాడు. చివరికి అడిగాడు:

"నాగలింగం, ఆ రోజు నరసప్ప దొర రూళ్ళన్నీ చదివాడు కదా, చివరిదాకా ఉన్నావా?"

"అసలైంది వినేదాకా ఉన్నాను బావా. మిగతాది వినడానికి నాకేమైనా పని లేదా?"

"సరే" అన్నాడు ఈరన్న.

*

చెక్‌పోస్టు దగ్గర తిరునాళ్ళలా జనం. నాలుగున్నర మూరల తొట్టి వస్తోందని తెలిసి కుందేళ్ళూ, ముంగిసలూ, అడవిపందులూ, కొండముచ్చులూ అన్నీ వచ్చేశాయి. వంతెన అవతల తిరపమ్మ నిలబడి ఉంది. పక్కన రెండు లేడిపిల్లలు, ఎండిన మూతులు.

"వస్తోంది! వస్తోంది!" అని పిల్లలు గెంతాయి.

గేటు ముందు జానెడు వెడల్పు బురద పట్టీ ఉంది. అదే నరసప్ప కాటా. చక్రం నాలుగు వేళ్ళ లోతు దిగితే సరే, అయిదో వేలు దిగితే బరువు ఎక్కువైనట్టు. ఈరన్న బండి నడిపించాడు. ఆరు చక్రాలూ దాటాయి. నరసప్ప బోర్లా పడుకుని వేళ్ళతో కొలిచాడు.

"నాలుగున్నర! అర వేలు ఎక్కువ!"

జనం గుసగుసలాడారు. తిరపమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

"ఎండకి బురద మెత్తబడింది దొరా!" అని వెనకనించి నాగలింగం అందుకున్నాడు. "నా కాలు కూడా దిగబడింది చూడండి!"

"అర వేలు కాబట్టి అనుబానమే గానీ తప్పు అనలేను" అన్నాడు నరసప్ప ఉబ్బిన ముక్కు తడుముకుంటూ. "ఆకులు తీసి చూస్తాను."

నాగలింగం నవ్వాడు. ఆకులు తీస్తే దొరికేది ఎద్దే. జప్తైన బెల్లాన్ని రాత్రికి రాత్రి ఆఫీసులోంచి మెల్లిగా లాక్కోవచ్చు. తను మాత్రం "అయ్యో, ఈరన్న బావ ఇంత పని చేస్తాడనుకోలేదే" అనడానికి మొహం సిద్ధం చేసుకుంటున్నాడు.

"ఆగండి దొరా" అన్నాడు ఈరన్న. "ఆకులకన్నా ముందు నాదొక భయం ఉంది. మీ మంచి కోరి చెప్తున్నాను."

"నా బంచా? ఏబిటది?"

"మీరు పర్మిట్ మీద 'నీళ్ళ తొట్టి' అని రాశారు. అందులో నీళ్ళు నిలుస్తాయో లేదో మీరు చూడలేదు. ఎక్కడో సన్నటి బీట ఉండి కారిపోయిందనుకోండి, అది తొట్టి కాదు, ఉత్త బండరాయి. బండరాయికి తొట్టి అని పర్మిట్ ఇచ్చారని రేపెవరైనా అంటే…"

నరసప్ప ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచాయి. తను రాసింది తప్పా! ఆయన పళ్ళన్నీ ఊడిపోయినా ఊరుకుంటాడు, రాతలో తప్పు పడితే ఊరుకోడు.

"అచ్చబ్బా! నీళ్ళు! పొయ్యి! అంచు దాకా పొయ్యి!"

నాగలింగం నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"దొరా, దొరా! నీళ్ళెందుకు? పాపం అచ్చమ్మక్క ఒళ్ళు నొప్పులు!"

"నాకే నొప్పులూ లేవు" అంది అచ్చమ్మ. ఆ గేటు దగ్గర నిలబడి నిలబడి విసుగెత్తిన ఆవిడకి ఇంతకన్నా పండగ ఏముంది? వాగులో తొండం ముంచి, గుమ్మడికాయంత బుగ్గలు పూరించి, భుస్సున తొట్టిలో పోసింది.

ఒక తొండం.

"చాలు చాలు! నిలిచాయి!" అన్నాడు నాగలింగం.

"అంచు దాకా" అన్నాడు నరసప్ప.

రెండో తొండం. ఆకుల సందుల్లోంచి నీళ్ళు కిందికి దిగుతున్నాయి. నాగలింగం తొట్టి చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"ఈ ఎండకి నీళ్ళు వేడెక్కిపోతాయి దొరా! వేడి నీళ్ళల్లో…" అని నాలిక కరుచుకున్నాడు.

"వేడి నీళ్ళల్లో ఏం నాగలింగం?" అన్నాడు ఈరన్న మెల్లిగా.

"ఏం లేదు! రాయి… రాయి పగులుతుంది!"

"రాయి పగిలితే నాది కదా, నీకెందుకు అంత బాధ?"

మూడో తొండం. నాలుగో తొండం. నాగలింగం ఒక్కో తొండానికీ ఒక గంప ఈతపళ్ళు కళ్ళముందే ఎగిరిపోతున్నట్టు చూస్తున్నాడు. తోక మీద ఎర్రగుడ్డ గజగజ వణికింది. అయిదో తొండానికి ఆకులు పైకి తేలాయి. ఆకుల పక్కనే నీళ్ళు గోధుమరంగు తిరగడం మొదలైంది. ఆరో తొండం ఎత్తిందో లేదో…

"ఆపవే తల్లీ! నా బెల్లం! నా బెల్లం కరిగిపోతోంది! నా పన్నెండు దిమ్మలూ!" అంటూ నాగలింగం ఒక్క గెంతులో తొట్టిలోకి దూకాడు. ఒక దిమ్మని కౌగిలించుకుని పైకి లేచాడు. ఆ దిమ్మ ఆయన చేతుల్లోంచి సబ్బులా జారి, బుడుంగున మునిగిపోయింది.

చెక్‌పోస్టంతా గొల్లుమంది. కొండముచ్చులు మొదలెట్టిన నవ్వు వంతెన అవతలి దాకా పాకింది.

నరసప్ప తొట్టి మీదికి వంగి చూశాడు. "ఎవరి బెల్లం అన్నావు?"

నాగలింగం నోరు మూసుకున్నాడు. ఆలస్యమైంది. బయటికొచ్చిన మాట అప్పటికే వంతెన దాటేసింది.

"అందరూ విన్నారు దొరా!" అని కొండయ్య అరిచాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు వణకలేదు. "'నా బెల్లం' అన్నాడు! రెండుసార్లు! ఒకసారి 'నా పన్నెండు దిమ్మలూ' అన్నాడు!"

"కానీ దొరా," అన్నాడు నాగలింగం బెల్లం నీళ్ళు కారుతూ, "బండి మీద దొరికినదానికి బండి లాగేవాడే పూచీ అని మీరే చెప్పారుగా! నా చెవుల్తో విన్నాను!"

"'వేరే ఎవరైనా తన నోటితో అది నాది అని ఒప్పుకుంటే తప్ప' అని కూడా చెప్పాను. అదెవరు విన్నారు?"

"నేను విన్నాను దొరా. రెండుసార్లు" అన్నాడు ఈరన్న.

నరసప్ప మురిసిపోయాడు. "తీపి సరుకు దొంగతనంగా దాటిస్తే మొత్తం జప్తు! కానీ…" అని తల గోక్కున్నాడు. "జప్తు చేద్దాబంటే దిబ్బలేవీ? బొత్తం కరిగిపోయాయి. అందులోనూ తొణికే సరుకుతో వంతెన ఎక్కకూడదు. వాగులోనూ గట్టు మీదా పారబొయ్యకూడదు. ఇప్పుడేం చెయ్యాలి?"

ఆయనకి తన రూళ్ళే అడ్డం తిరిగాయి. పొద్దు వంతెన మీదికి వాలుతోంది. తిరపమ్మ అవతలి ఒడ్డున గిలగిల్లాడిపోతోంది.

"దొరా, పారబొయ్యకూడదన్నారు" అన్నాడు ఈరన్న. "తాగకూడదని ఏ గీతలోనూ లేదు."

నరసప్ప టేకాకు ఎత్తి పట్టుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. లేదు! నిజంగానే లేదు!

"తాగండర్రా!" అని అరిచాడు.

ఇక చూడండి! కుందేళ్ళు మోదుగాకు దొప్పలు కుట్టాయి. అడవిపందులకి దొప్పలు అక్కర్లేదు. అచ్చమ్మ తొండంతో తోడి తోడి పోస్తోంది. ముంగిసలు బారులు తీరాయి, బారు తప్పినవాణ్ణి బారులో ఉన్నవాడు తిట్టాడు. ఆ ఎండలో చల్లటి వాగు నీళ్ళలో పన్నెండు దిమ్మల బెల్లం, ఎంత కమ్మటి పానకమో ఊహించుకోండి. నరసప్ప "ఇది తనిఖీ" అంటూ మొదటి దొప్ప తాగాడు. "తనిఖీ సరిపోలేదు" అని రెండోది తాగాడు. మూడోదానికి ఏ కారణమూ చెప్పలేదు. నాలుగో దొప్పకి ఆయన ముక్కు వాపు తగ్గిందని కొందరంటారు, నేనైతే ఆ రోజు అక్కడ లేను.

"దొరా, నాకొక్క దొప్ప…" అన్నాడు నాగలింగం.

"నువ్వు అందులోనే స్నానం చేశావుగా" అంది అచ్చమ్మ.

ఇంకా జానెడు పొద్దు ఉండగానే తొట్టి అడుగు కనిపించింది. ఈరన్న మళ్ళీ బురద పట్టీ దాటాడు. నాలుగు వేళ్ళు, కచ్చితంగా నాలుగు! అచ్చమ్మ తొండం ఎత్తింది.

"నేనిక వెళ్ళొస్తాను" అని నాగలింగం పొద వైపు జరిగాడు.

"ఎక్కడికి?" అన్నాడు నరసప్ప టేకాకు చూపిస్తూ. "వెనక కాపలా: నక్క అని రాసుంది. పర్మిట్ మీద పేరు మార్చడం కుదరదు. గుడ్డ సరిగ్గా కట్టుకో. నడు!"

దుంగలు మూలిగాయి. కొండయ్య ముందు నడిచాడు, మెడ నిటారుగా. ఈరన్న ఒక్కో గిట్టా ఒక్కో దుంగ మీద ఆచితూచి వేశాడు. నడుమన ఒక దుంగ కిర్రున వంగింది. జనమంతా ఊపిరి పట్టారు. అర వేలు బరువు ఎక్కువుంటే ఏమయ్యేదో ఆ దుంగకే తెలియాలి. చివరి చక్రం అవతలి మట్టిని తాకేసరికి, పొద్దు గుట్ట వెనక్కి దిగింది.

"దాటాం!" అని కొండయ్య ఎగిరి గంతేశాడు.

కోనలో అడవిదున్నలు తొట్టిని దింపి ఊట కింద సర్దాయి. తెల్లవార్లూ బొట్టుబొట్టుగా చప్పుడు. టప్… టప్… టప్. పొద్దున్నకి తొట్టిలో జానెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. లేడిపిల్ల ఒకటి మూతి పెట్టి, ఒక్క గుక్క తాగి, తల ఎత్తి తల్లి వైపు చూసింది.

"అమ్మా! నీళ్ళు తియ్యగా ఉన్నాయే!"

ఈరన్న తల తిప్పి వెనక్కి చూశాడు. కొంచెం దూరంలో నాగలింగం ఒళ్ళంతా జిగటతో, తోకకి ఎర్రగుడ్డతో, కాళ్ళెత్తి కాళ్ళెత్తి తకధిమి ఆడుతున్నాడు. వంతెన దగ్గర్నించి ఆయన తోక దాకా ఎర్రచీమలు ఒకే బారున వస్తున్నాయి.

"బావా!" అని అరిచాడు నాగలింగం. "వీటికి పర్మిట్ అక్కర్లేదా?"

"ఒక్కోటీ విడివిడిగా వస్తున్నాయి నాగలింగం" అన్నాడు ఈరన్న నెమరేస్తూ. "ముక్కలుగా పోగలిగే సరుక్కి పర్మిట్ లేదు."

నీతి: రూలు సగం విన్నవాడి తెలివి, పూర్తిగా విన్నవాడి ఓపిక ముందు బెల్లంలా కరిగిపోతుంది.